మైకు ముందు అందరూ సమానమేనా?

“హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ...”

ప్రార్థన గీతం కంటే ముందు, జ్యోతి వెలిగించడం కంటే ముందు, మన కాలేజీలో ఏ ఉత్సవమైనా ఆరంభమయ్యేది ఈ మంత్రంతోనే. మంత్రం పూర్తికాగానే “కుయ్‌య్...” మని ఒక కూత. ముందు వరసలో పెద్దలు చెవులు మూసుకుంటారు. వెనక వరసల్లో మనవాళ్ళు ఈలలు వేస్తారు. మైకుసెట్టు కుర్రాడు ఆంప్లిఫయర్ దగ్గరికి పరుగెత్తి ఏదో మర తిప్పుతాడు. ఆహ్వాన పత్రికలో అచ్చు వెయ్యకపోయినా ఏటా తప్పకుండా జరిగే కార్యక్రమం ఇది. అలవాటైపోయింది గనుక ఎవరమూ పట్టించుకోం.

ఈసారి నేను పట్టించుకోక తప్పలేదు. మన సంగీత బృందానికి సొంతంగా మైకులు కొనాలని విద్యార్థి సంఘం తలపెట్టింది. ఎలాంటివి కొనాలో చెప్పమని ముగ్గురితో ఒక కమిటీ వేసింది. ఫిజిక్సు చదువుతున్నాడు, పైగా బృందంలో కీబోర్డు వాయిస్తాడు (వాయిస్తాననే నేనూ అనుకుంటున్నాను), వీడికి తెలిసే ఉంటుందనుకుని నన్నూ అందులో పడేశారు. నిర్ణయం ఇంకా కాలేదు. అంచేత నా వాదన ఏమిటో ఈ సంచికలో అందరి ముందూ పెట్టదలిచాను. చదివాక ఒప్పుకోకపోతే తిట్టండి. చదవకుండా మాత్రం చెయ్యి ఎత్తకండి.

ముందుగా నిరుడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

నిరుటి వార్షికోత్సవంలో మన బృందం నుంచి ఐదుగురు పాడారు. అద్దెకు తెచ్చిన సెట్టులో మైకులు రెండే. ఒకదాన్ని ఉపన్యాసాల బల్లకు బిగించేశారు. ముఖ్య అతిథిగారు వెళ్ళిపోయాక కూడా దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రెండోది స్టాండు మీద, ఆరడుగుల మనిషికి సరిపోయే ఎత్తున ఉంది. మొదట పాడిన ఇద్దరూ గట్టి గొంతు వాళ్ళు. మైకు ఉన్నా లేకపోయినా వాళ్ళకు బెంగ లేదు. మూడో పాట ఫస్టియర్ అమ్మాయిది. ఊళ్ళో వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న జోలపాట. జోలపాటను అరిచి పాడేవాళ్ళు ఉండరు గదా! ఆ పిల్ల ఐదడుగులు దాటదు. మైకేమో నోటికి ఒక అడుగు పైన ఉంది. స్టాండు దించుదామంటే మర తుప్పు పట్టి కదల్లేదు. పాట మొదలైంది, వినపడలేదు. వెనకనుంచి “సౌండ్! సౌండ్!” అని కేకలు. కుర్రాడు సౌండు పెంచాడు, మైకు కూసింది, హాలంతా నవ్వింది. తగ్గించాడు, పాట మళ్ళీ మాయమైంది. ఆ అమ్మాయి మధ్యలో మానలేదు. చరణాలన్నీ పూర్తిచేసి, నమస్కారం పెట్టి, దిగిపోయింది. మాకు కనిపించింది పెదవుల కదలిక మాత్రమే.

ఆ తరవాత ఆమె రిహార్సలుకు రాలేదు. రెండు నెలల తరవాత లైబ్రరీ మెట్ల దగ్గర కనిపిస్తే, “ఏమ్మా, మళ్ళీ రావడం లేదేం?” అనడిగాను. “నా గొంతు స్టేజీకి పనికిరాదులే అన్నా” అంది.

తప్పు ఆ మైకుది, ఆ స్టాండుది, వాటిని ముందుగా చూసుకోని మాది. శిక్ష మాత్రం ఆ గొంతుకు పడింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇప్పుడు కమిటీ ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఉన్న డబ్బంతా పెట్టి రెండు కార్డ్‌లెస్ మైకులు కొనాలనేది మొదటిది. టీవీ పాటల పోటీల్లో పట్టుకు తిరుగుతారే, అలాంటివి. రెండోది నాది. అదే డబ్బుతో వైరు ఉన్న మామూలు డైనమిక్ మైకులు నాలుగు, నాలుగూ ఒకే రకంవి, వాటికి గట్టి వైర్లు, మరలు తిరిగే స్టాండ్లు కొనాలి. “వైరు ఈడ్చుకుంటూ పాడితే పెళ్ళి ఆర్కెస్ట్రా అనుకుంటారురా” అన్నాడు కమిటీలో నా మిత్రుడు. పెళ్ళి ఆర్కెస్ట్రా వాళ్ళు అర్ధరాత్రి దాటేదాకా పాడి, పందిరి చివర వంటవాళ్ళక్కూడా వినిపించి, డబ్బు తీసుకుని మరీ వెళ్తారు. వాళ్ళను చూసి మనం నేర్చుకోవలసింది ఉందిగాని నవ్వవలసింది లేదు.

అసలు మైకంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పుకుందాం. ఫిజిక్సు లెక్చరర్లు ఈ పేరా దాటెయ్యవచ్చు. డైనమిక్ మైకులో పల్చని పొర ఒకటి ఉంటుంది. దానికి సన్నని తీగచుట్ట అంటించి, అయస్కాంతం మధ్య ఉంచుతారు. మన గొంతు తగిలి పొర కదిలితే చుట్ట కదులుతుంది, చుట్ట కదిలితే విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. బ్యాటరీ అక్కర్లేదు. కిందపడినా సాధారణంగా బతుకుతుంది. కండెన్సర్ మైకు మరో జాతి. దానికి పొర ఇంకా పల్చన, పనిచెయ్యడానికి విద్యుత్తు కావాలి. మామూలుగా మిక్సరు నుంచి 48 వోల్టులు అందిస్తారు. చిన్న చిన్న వివరాలు పట్టడంలో దానిది పైచెయ్యి. స్టేజీ కోసం చేసినవి కూడా ఉన్నాయి. కాని మన స్టేజీ ఎంత? డోలక్, ప్యాడ్లు, గిటారు ఆంప్లిఫయరు అన్నీ గాయకుడి వీపుకు ఆనుకునే ఉంటాయి. అలాంటిచోట అంత చురుకైన చెవి పెడితే పాటతోపాటు డోలక్ కూడా అందులోకే దూరుతుంది. నిశ్శబ్దంగా ఉండే రికార్డింగు గదిలో అది రాణిగారు. మన స్టేజీ మీద మాత్రం అందరి గొడవా చెవిన వేసుకునే పక్కింటి అత్తగారు.

ఇక ఆ కూత సంగతి. మైకులోకి వెళ్ళిన శబ్దం స్పీకరులోంచి పెద్దదై వస్తుంది. అది తిరిగి మైకులోకి వెళ్తుంది, ఇంకా పెద్దదై వస్తుంది. ఈ గానుగ తిరుగుడు ఒక హద్దు దాటగానే “కుయ్” మంటుంది. కనక మైకు ఎంత గట్టిగా పలికించగలదన్నది ప్రశ్న కాదు. కూత మొదలయ్యే లోపల గొంతును ఎంతదాకా పెంచనిస్తుందన్నదే ప్రశ్న. గట్టి గొంతు వాడికి ఈ హద్దుతో పని పడదు. మెత్తటి గొంతు వాళ్ళు మాత్రం ప్రతిసారీ ఆ గీత దగ్గరే నిలబడి పాడాలి. మంచి మైకు అవసరం వాళ్ళదే. మన దగ్గర జరిగేదేమో తలకిందులు: మంచి మైకు ఎప్పుడూ ‘మెయిన్ సింగర్’ చేతికే పోతుంది.

ఈ గీతను కొంచెం వెనక్కి జరపడానికి మైకు చూసే దిక్కు సాయపడుతుంది. పాటలకు వాడే మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. అంటే అవి శబ్దాన్ని గ్రహించే తీరు బొమ్మ గీస్తే గుండె ఆకారంలో ఉంటుంది. ముందునుంచి వచ్చేది బాగా తీసుకుంటాయి, సరిగ్గా వెనకనుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తాయి. కాబట్టి గాయకుడికి తన పాట తనకు వినపడేందుకు పెట్టే స్పీకరు మైకు తోకకు ఎదురుగా ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అని ఇంకో రకం ఉంది. అది పక్కలను ఇంకా బాగా వదిలేస్తుంది గాని వెనకనుంచి కొంత వింటుంది. దానికి స్పీకరును తిన్నగా వెనక పెడితే ముప్పు. కొంచెం పక్కగా, వెనక మూలకు పెట్టాలి. ఏ రకం కొన్నామో తెలియకుండా స్పీకరు ఎక్కడ పెట్టాలో తెలియదు. అద్దె సెట్టుతో వచ్చే చిక్కు ఇదే. ఏటా ఒక కొత్త మైకు వస్తుంది, దాని స్వభావం మనకు తెలిసేలోపు వందన సమర్పణ వచ్చేస్తుంది.

సినిమా హీరోల్లాగా మైకు తలను గుప్పిట్లో మూసి పాడే మిత్రులకు ఇక్కడే ఒక విన్నపం. ఆ జాలీ కింద, వెనకవైపు, శబ్దం లోపలికి పోవడానికి దారులుంటాయి. మైకుకు దిక్కు తెలిసేది వాటివల్లే. వాటిని అరచేత్తో మూసేస్తే అది అన్ని దిక్కులా వినడం మొదలుపెడుతుంది. ఫోటో బాగా వస్తుంది. కూత అంతకంటే బాగా వస్తుంది.

మా వాదనలు తెమలకపోయేసరికి పరీక్ష పెట్టి చూద్దామనుకున్నాం. కమిటీలో ఇంకో సభ్యురాలు, మా సీనియర్ అక్క, తెలిసినవాళ్ళ దగ్గర మూడు రకాల మైకులు అరువు తెచ్చింది. మన సెమినారు హాల్లో ఉన్న పాతది నాలుగోది. దుకాణంలో “హలో” అని చూసి కొనడం కాకుండా, మన ఆడిటోరియంలోనే, మన స్పీకర్ల ముందే, డోలక్ వాయిస్తుండగా, మనవాళ్ళ చేతే పాడించాలని నిబంధన పెట్టుకున్నాం. వినేవాళ్ళు చివరి వరసలో స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నారు, ఏ మైకు పలుకుతోందో తెలియకుండా. పాటలతో పాటు ‘పాట, బాట, మాట, వేట’ లాంటి దగ్గర దగ్గర మాటలు చదివించి, ఏం వినపడితే అది కాగితం మీద రాయమన్నాం. తెలుగు పాటకు మాటే ప్రాణం గదా! పాత మైకు దగ్గర చాలామందికి ‘పాట’ కాస్తా ‘బాట’ అయింది. ‘భ’, ‘ఫ’ వచ్చిన చోటల్లా గాలి తగిలి “ఢబ్” మంది.

ఆ సాయంత్రం నాకు తెలిసినవి మూడు.

అన్ని గొంతులకూ సరిపడే మైకు అంటూ లేదన్నది మొదటిది. నోటికి ఆనించి పాడితే ఈ రకం మైకులన్నీ మంద్రాన్ని పెంచుతాయి. అందుకని మన బేస్ గొంతు మిత్రుడు దగ్గరగా పాడితే కుండలో మాట్లాడినట్టు వచ్చింది. నాలుగంగుళాలు వెనక్కి జరిగితే తేటపడింది. సన్నగొంతు అమ్మాయి ఒకామెకు మూడింటిలోకీ ఖరీదైన మైకు ‘స’, ‘శ’ల దగ్గర చెవిలో గుచ్చింది. అదే మైకు మాట మసకగా ఉండే మరో అబ్బాయికి వరంలా పనిచేసింది.

రెండోది, అన్నిటికంటే ఎక్కువ లాభం పైసా ఖర్చు లేకుండా వచ్చింది. నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేస్తే మైకుకు అందే శబ్దపీడనం సుమారు రెట్టింపవుతుంది. అడుగు దూరం నుంచి మూడంగుళాలకు వస్తే సుమారు నాలుగు రెట్లు. ఇది ఏ మైకూ తన గొప్పతనంతో ఇవ్వగలిగిన లాభం కాదు. స్టాండు మర తిరిగితే చాలు, వచ్చే లాభం.

మూడోది, తెరిచి ఉంచిన మైకులు పెరిగేకొద్దీ కూత దగ్గరపడుతుంది. మైకులు రెట్టింపయిన ప్రతిసారీ మనకు దొరికే పెంపులో 3 డెసిబెల్స్ తరుగు. “మరి నాలుగు కొనమంటావేం?” అని మా మిత్రుడు వెంటనే పట్టుకున్నాడు. కొనడం నాలుగు, తెరవడం ఎవరు పాడుతుంటే వాళ్ళది. బృందగానంలో నలుగురికీ నాలుగు కావాలి. అప్పుడు ఒక మైకు చుట్టూ నలుగురు తోసుకోనక్కర్లేదు, ఎవరి గొంతు వెనకపడిందో మిక్సరు దగ్గర చూసి పెంచవచ్చు. నాలుగూ ఒకే రకమైతే ఒకటి మొరాయించినా ఇంకొకటి అదే చోట పెట్టి పాట సాగించవచ్చు.

కార్డ్‌లెస్ వాళ్ళ వాదనలోనూ నిజం ఉంది, దాచను. నాటకానికి, ఆడుతూ పాడే జానపద రూపకానికి వైరు కాళ్ళకు అడ్డం. కాని ఆ డబ్బులో పెద్ద భాగం పోయేది రేడియో ప్రసారపు సరంజామాకు. గొంతును పట్టే మైకుకు మిగిలేది తక్కువ. అదే ధరకు వైరు మైకు ఇంకా మెరుగైనది వస్తుంది. పైగా బ్యాటరీ ఉంది. అది ఎప్పుడు అయిపోతుందో చెప్పనక్కర్లేదు, ప్రిన్సిపాల్‌గారు మాట్లాడేటప్పుడే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సెట్లు పడితే ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. కావలసిన రోజున అద్దెకు తెచ్చుకుందాం. రోజూ రిహార్సలుకు కావలసింది మాత్రం సొంతానికి ఉండాలి.

ఏ కంపెనీది కొనాలని అడుగుతారు. 1966లో అమెరికాలో షూర్ కంపెనీ విడుదల చేసిన ఎస్‌ఎం 58 నేటికీ స్టేజీల మీద పాడుతూనే ఉంది. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. పుట్టింది స్టూడియో పేరుతో, పేరు తెచ్చుకుంది స్టేజీ మీద. చిత్రమేమిటంటే బాలసుబ్రహ్మణ్యంగారు సినిమాకు తొలి పాట పాడిందీ ఆ 1966లోనే. విద్యార్థిగా పోటీల్లో పాడుతూ కోదండపాణిగారి దృష్టిలో పడ్డ గొంతు అది. ఆ కంపెనీకి నేను ఏజెంటును కాను. సెన్‌హైజర్ వాళ్ళవీ ఉన్నాయి, మన దేశంలోనే అహూజా వాళ్ళు చేసేవీ ఉన్నాయి. పేరు కన్నా రకం ముఖ్యం: డైనమిక్, కార్డియాయిడ్, మూడు పిన్నుల వైరు. పేరున్నదానికి నకిలీలూ ఉంటాయి. అసలు ఎస్‌ఎం 58 సుమారు 300 గ్రాములు తూగుతుంది. బాగా చౌకగా వస్తోందని ఎవరైనా తెస్తే, ముందు హాస్టలు మెస్సులో కూరగాయలు తూచే కాటాలో పెట్టి చూద్దాం.

మూడు పిన్నులు ఎందుకంటారా? అలాంటి వైరులో పాటను రెండు తీగలు ఎదురెదురు రూపాల్లో మోసుకొస్తాయి. దారిలో కరెంటు లైన్ల నుంచి అంటుకునే 50 హెర్ట్‌జ్ గుయ్యిమనే మోత రెంటిలోనూ ఒకేలా పడుతుంది. అవతల ఒకదాంట్లోంచి ఒకటి తీసేసరికి మోత పోయి పాట మిగులుతుంది. మంచి మైకు కొని పాత జాక్ వైరు తగిలిస్తే, పట్టుచీరకు గోనెపట్టా అంచు వేసినట్టే.

మైకు లేని కాలంలో మన పద్యనాటకాల నటులు చివరి వరసదాకా వినిపించేలా రాగం తీసేవారు. అది గొప్ప విద్యే. కాని ఆ రోజుల్లో స్టేజీ ఎక్కాలంటే ఊపిరితిత్తులే అర్హత. మైకు వచ్చాకనే గుసగుసగా పాడడం కూడా పాటైంది. ఎ.ఎం.రాజాగారి లాంటి మెత్తని గొంతు ఇంటింటికీ చేరింది. మెత్తటివాళ్ళకు చోటిచ్చిన ఆ పరికరాన్నే మనం మళ్ళీ గట్టివాళ్ళకు అప్పజెబుతున్నామన్నదే నా ఫిర్యాదు.

అందుచేత సంఘానికి నా మనవి ఇది. నాలుగు మైకులు కొనండి. వాటితో పాటు పది మీటర్ల వైర్లు, పొట్టివాళ్ళకూ దిగే స్టాండ్లు, ఒక పెట్టె, ఎవరు తీశారో రాసే రిజిస్టరు పెట్టండి. వారానికి ఒక సాయంత్రం ఆడిటోరియం తెరిపించి, కొత్తగా చేరినవాళ్ళకు మైకు ముందు నిలబడడం నేర్పుదాం. ఎంత దూరంలో ఉండాలి, ‘భ’ వచ్చినప్పుడు ముఖం ఎటు కాస్త తిప్పాలి, మైకును ఊది చూడకుండా మాట్లాడి ఎందుకు చూడాలి అన్నవి పాటతోపాటే నేర్వవలసిన సంగతులు. లెక్చరర్లు ఆ గంటకు తాళంచెవి ఇప్పిస్తే చాలు. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు మనకు జ్ఞాపికలు వద్దు, ఒక్కొక్కరు ఒక్క వైరు ఇస్తే పదేళ్ళు జ్ఞాపకం ఉంచుకుంటాం.

పరీక్ష పెట్టిన సాయంత్రం ఆ జోలపాట అమ్మాయిని కూడా బతిమాలి పిలిచాం. స్టాండు దించి, మూడంగుళాల దూరంలో నిలబెట్టి, “మీ నాయనమ్మ దగ్గర ఎలా పాడతావో అలాగే పాడు, అరవకు” అన్నాం. పాడింది. చివరి వరసలో వీపు పెట్టి కూర్చున్నవాళ్ళు కాగితాలు పక్కన పెట్టి ఇటు తిరిగారు. డోలక్ వాయించేవాడు చేతులు ఆపేశాడు. ఆ పాట అసలు ఏ మాటలతో ఉందో మాకు అప్పుడే తెలిసింది.

“ఈసారి ఉత్సవానికి పాడతావా అమ్మా?” అని అక్క అడిగింది.

“పాడతానో లేదో ఇప్పుడే చెప్పలేనక్కా. మైకుల చందా మాత్రం రాసుకోండి” అంది.

రాసుకున్నాం. జాబితాలో మొదటి పేరు ఆమెదే. మిత్రులారా, రెండో పేరు మీలో ఎవరిది?